స్పై సినిమాల్లో కంటిన్యుటీ తప్పులు ఎవరి కంటా పడవా?

స్పై యాక్షన్ సినిమాలకు అంత డబ్బు పోస్తారు కదా, అయినా ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ పొంతన కుదరని తప్పులు ఎలా మిగిలిపోతాయి, ఎవరూ చూసుకోరా అని అడిగారు. చూసుకుంటారు. నేను చూసినంతలో చాలా తప్పులు ఎడిటింగ్ దగ్గరే దొరికిపోతాయి. తెలిసే వదిలేస్తారు.

మాది తిరుపతి. కొన్నాళ్లు చిన్న సినిమాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాను, కంటిన్యుటీ నా పనే. దామలచెరువు వైపు ఒక మామిడి తోటలో ఛేజింగ్ సీన్ మొదలుపెట్టాం. చెట్ల మధ్య నుంచి బైకు దూసుకొస్తుంటే కొమ్మల నిండా బెంగళూరా కాయలు. సగం తీశాక షెడ్యూల్ ఆగింది. మళ్లీ అందరి డేట్లూ కుదిరేసరికి తోట కోత అయిపోయింది. మండీ నుంచి కాయలు తెప్పించి పురికొసతో కొమ్మలకు కట్టాం. ఫొటో తీసి చూస్తే బాగానే ఉంది. బైకు పక్క నుంచి పోగానే గుట్టు బయటపడింది. తొడిమకున్న కాయ కొమ్మతోపాటే ఊగుతుంది, పురికొసకు కట్టింది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. చేసేది లేక కెమెరాను కిందికి దించాం.

అయినా ఒక వైడ్ షాట్‌లో బోసి కొమ్మలు కనిపిస్తాయి. వాడదగ్గ టేక్ ఇంకొకటి ఉంది. కానీ ఈ టేక్‌లోనే డూప్ బైకుతో సహా జారిపడి, అదే ఊపులో లేచి పరుగెత్తాడు. ఎడిటర్ దాన్నే ఉంచాడు. అది సరైన పని అని నేను ఇప్పటికీ అంటాను.

‘అపోకలిప్స్ నౌ’ ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ దీనికి ఒక లెక్కే చెప్పారు. ఒక కట్ మంచిదా కాదా అని తేల్చేటప్పుడు భావోద్వేగానికి 51 శాతం విలువ, ఎవరు ఎక్కడ నిలబడ్డారనే పొంతనకు 4 శాతమే. ‘మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్’ షూటింగ్‌లో, 2017లో, లండన్‌లో ఒక బిల్డింగ్ మీంచి ఇంకో బిల్డింగ్ మీదికి దూకినప్పుడు టామ్ క్రూజ్ చీలమండ విరిగింది. ఆయన లేచి కుంటుతూనే కెమెరా దాటి వెళ్లిపోయారు. సినిమాలో ఉన్నది ఆ టేకే. షూటింగ్ మాత్రం వారాల తరబడి ఆగింది.  

అన్ని తప్పులనూ ఇలా వెనకేసుకు రాలేం. ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ (1971)లో బాండ్ కారు కుడివైపు రెండు చక్రాల మీద ఇరుకు సందులోకి దూరి, ఎడమవైపు చక్రాల మీద బయటికొస్తుంది. తర్వాత కారు లోపలే అటు నుంచి ఇటు ఒరిగినట్టు చిన్న షాట్ ఒకటి అతికించారు. అంత సందులో అది ఎలా తిరిగిందో ఆ షాట్ చెప్పదు, పైగా తప్పు మీదికే మన చూపు లాగుతుంది. డైరెక్టర్ హిచ్‌కాక్ తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ (1959)లో తుపాకీ ఇంకా పేలకముందే వెనక కూర్చున్న పిల్లాడు చెవులు మూసుకుంటాడు. నాకు ఎంతో ఇష్టమైన తప్పు అది. చప్పుడు వస్తుందని తెలిసిన పిల్లవాడు ఇంకేం చేస్తాడు?

మీరే పట్టుకోవాలంటే హీరోను వదిలేసి వెనకున్న జూనియర్ ఆర్టిస్టుల్ని, నేల మీద నీడల్ని, గోడ గడియారాల్ని చూడండి. దారులకు సంబంధించిన తప్పులైతే ఆ ఊరివాళ్లకే దొరుకుతాయి. మన తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఏ సినిమాలోనైనా కారు దిగే దారిలో కొండెక్కితే తిరుపతి హాల్లో వెంటనే గోల మొదలవుతుంది, ఇంకో ఊళ్లో ఎవరూ గమనించరు. లండన్, వెనిస్ ఛేజింగులు చూసి అక్కడివాళ్లు ఏమంటారో కాస్త వెతికి చదవండి, మీ ప్రశ్నకు బోలెడు ఉదాహరణలు దొరుకుతాయి.