సలహా మండలి సరేనంటే బస్తీ అంతా ఒప్పుకున్నట్టేనా?

కాదు, వైద్య పరిశోధనల కోసం స్థానికులతో వేసే కమ్యూనిటీ సలహా మండలి సలహా మాత్రమే ఇస్తుంది. పరిశోధనకు అనుమతి ఇచ్చేది ఎథిక్స్ కమిటీ, అంటే పాల్గొనేవాళ్ల భద్రత, హక్కులు చూసే కమిటీ. పాల్గొనాలా వద్దా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

మరి మండలి ఎందుకు? ఎథిక్స్ కమిటీలో ఒక సామాన్య పౌరుడు ఉండాలన్న నిబంధన ఉన్నా, ఎక్కువమంది డాక్టర్లు, నిపుణులే. జనం దేనికి జంకుతారో చెప్పగలిగేది బస్తీలో ఉండేవాళ్లే. సమ్మతి పత్రంలో ‘10 మిల్లీలీటర్ల రక్తం’ అని ఉంటే సీసాడు తీస్తారేమోనని భయం. ‘రెండు టీస్పూన్లు’ అని రాయించడం, కూలి పోకుండా సాయంత్రం పూట పిలవమనడం, ఇలాంటివే మండలి పని. చిన్నవిగా కనిపిస్తాయి గానీ అసలు విలువ వీటిలోనే ఉంది.

చాలామంది పొరపాటు పడేది సంతకం దగ్గర. పెద్దమనిషి సంతకం పెడితే చాలనుకుంటారు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా ప్రాజెక్టులో జరిగింది అదే. హాస్టళ్లలో ఉండే చాలామంది ఆడపిల్లల పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. దానిపై పెద్ద దుమారమే రేగింది. మైనర్లయితే తల్లిదండ్రులో, చట్టబద్ధమైన సంరక్షకులో సంతకం చేయాలి. మండలి సభ్యుడికైనా, సర్పంచ్‌కైనా ఆ హక్కు లేదు.