ఫునాఫుటి టైడ్ గేజ్ అంకెల్ని ఎలా చదవాలి, వాటితో ఒక ఊరికి హెచ్చరిక పట్టీ ఎలా తయారుచెయ్యాలి

ఫిజీ రాజధాని సువాలో చదువుకుంటూ, పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం టువాలు మీద ప్రాజెక్టు చేస్తున్న మీరు మూడు విషయాలు అడిగారు. టువాలు రాజధాని ఫునాఫుటిలో సముద్రమట్టం కొలిచే గేజ్ డేటా దించుకుని గ్రాఫ్ గీస్తే కొన్నేళ్ళపాటు సముద్రం తగ్గినట్టు ఎందుకు కనబడుతోంది? పోటు క్యాలెండర్‌లో ఉన్న అంకెకీ, ఊళ్ళోకి వచ్చిన నీటికీ పొంతన ఎందుకు కుదరడం లేదు? నీరు ఎప్పుడు, ఎంత వస్తుందో ముందే చెప్పే, ఒక పల్లెకి పనికొచ్చే హెచ్చరిక పట్టీ ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడూ ఒక్కచోటికే వస్తాయి. నీటిమట్టం 3.10 మీటర్లు అంటే ఎక్కణ్ణుంచి 3.10? ఆ సున్నా ఎక్కడుందో, అది కదులుతోందో లేదో తేల్చుకోకుండా ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌లో గీసినా ఆ గీతకి అర్థం ఉండదు.

ముందు మీరు వాడుతున్న డేటా ఎక్కడిదో చెప్తాను. ఆస్ట్రేలియా ప్రభుత్వ సాయంతో 1991లో మొదలైన సముద్రమట్టాల ప్రాజెక్టు ఇది. ఫిజీలోని లౌటోకాలో 1992 అక్టోబరులో, ఫునాఫుటిలో 1993 మార్చిలో గేజ్‌లు పెట్టారు. ఇప్పుడు 14 పసిఫిక్ దేశాల్లో ఉన్నాయి. గేజ్‌లూ డేటా ఆస్ట్రేలియా వాతావరణ శాఖ చూస్తుంది. నేల ఎత్తు కొలిచే పని అక్కడి ప్రభుత్వ భూశాస్త్ర సంస్థ జియోసైన్స్ ఆస్ట్రేలియాది. ద్వీపాల్లో సర్వే, శిక్షణ, స్థానిక శాఖలతో సమన్వయం పసిఫిక్ దేశాల ఉమ్మడి సంస్థ పసిఫిక్ కమ్యూనిటీ చేస్తుంది. దేశదేశానికీ ఏటా అచ్చయ్యే పోటు క్యాలెండర్ ఈ గేజ్‌ల రికార్డుల నుంచి లెక్కకట్టిందే.

గేజ్ లోపల ఏముందో తెలిస్తే తప్పు ఎక్కడ దొర్లుతుందో తెలుస్తుంది. మొదట పెట్టినవి ధ్వనితో కొలిచేవి. జెట్టీ స్తంభానికి బిగించిన లావుపాటి గొట్టం, దాని లోపల సన్నటి పీవీసీ గొట్టం. పైనుంచి శబ్దం కిందికి వెళ్ళి నీటికి తగిలి తిరిగొస్తుంది. పట్టిన సమయాన్ని బట్టి దూరం. గాలిలో శబ్దవేగం వేడిని బట్టి మారుతుంది కాబట్టి, పైనుంచి సుమారు 1.2 మీటర్ల దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని దగ్గర కూడా కొంత ప్రతిధ్వని వస్తుంది. ఆ దూరం ముందే తెలుసు కాబట్టి ఆ క్షణంలో శబ్దవేగం ఎంతో లెక్క తేలుతుంది. చిక్కు ఎక్కడంటే, రంధ్రానికి పైనున్న గాలీ కిందనున్న గాలీ ఒకే వేడిలో ఉండవు. ఒక డిగ్రీ తేడాకి శబ్దవేగం దాదాపు 0.18 శాతం మారుతుంది. కింద 4 మీటర్ల గాలి ఉంటే అక్కడే 7 మిల్లీమీటర్లు పోయాయి. సముద్రం ఏడాదిలో పెరిగేదానికంటే అది ఎక్కువ. అందుకే గొట్టంలో రెండు ఎత్తుల్లో ఉష్ణోగ్రత కొలిచి సవరిస్తారు.

శబ్దానికి బదులు రేడియో కిరణంతో కొలిచే రాడార్ గేజ్‌కి ఈ వేడి బాధ దాదాపు లేదు, దాని ఇబ్బందులు వేరు. కిరణం 10 డిగ్రీల కోణంలో విచ్చుకుంటే 5 మీటర్ల కింద నీటి మీద దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది. ఆ వలయంలోకి పడవ తాడు వేలాడినా, జెట్టీ దూలం అంచు తగిలినా గేజ్ దాన్నే నీరనుకుంటుంది. గ్రాఫ్ ఎక్కడైనా కత్తిరించినట్టు బల్లపరుపుగా ఉంటే ముందు ఈ అనుమానం పెట్టుకోండి. ధ్వని గేజ్‌లో నీరు బాగా దిగిన సమయంలో గ్రాఫ్ కింది భాగం బల్లపరుపుగా ఉంటే లావు గొట్టం అడుగున నీరు వచ్చే కన్నానికి నత్తగుల్లలు, బార్నకిల్స్ పట్టాయని అర్థం. రాగి పెట్టిన చోట అవి అంత త్వరగా పట్టవు.

గేజ్ సరిగ్గా ఉందా లేదా తేల్చే పరీక్ష ఒకటుంది, చాలామంది వదిలేస్తారు. వాన్ డె కాస్టీల్ పరీక్ష అంటారు. జెట్టీ మీద ఎత్తు తెలిసిన బిందువు నుంచి టేపు వదిలి 15 నిమిషాలకోసారి నీటిమట్టం చదవాలి, ఒక పూర్తి పోటు-పాటు గడిచేదాకా, అంటే పన్నెండున్నర గంటలు, 50 రీడింగులు. ప్రతిసారీ గేజ్ అంకెలోంచి టేపు అంకె తీసేసి, ఆ తేడాని అడ్డంగా, నీటిమట్టాన్ని నిలువుగా పెట్టి చుక్కలు పెట్టండి. చుక్కలన్నీ సున్నా దగ్గర నిలువు గీతలో పడితే గేజ్ బాగుంది. గీత నిలువుగానే ఉండి పక్కకి జరిగితే సున్నా తప్పింది. గీత వాలితే స్కేలు తప్పు. చుక్కలు కోడిగుడ్డు ఆకారంలో చుట్టుకుంటే గడియారం తప్పు. నీరు ఎక్కేటప్పుడొక తేడా, దిగేటప్పుడొక తేడా వస్తోందన్నమాట. గడియారమే కదా అనుకోవద్దు. పోటుకీ పాటుకీ 1.5 మీటర్లు ఉన్నచోట మధ్యలో నీరు నిమిషానికి 6 మిల్లీమీటర్లకు పైగా కదులుతుంది. 5 నిమిషాల తప్పు 3 సెంటీమీటర్లు.

టేపు చదివేటప్పుడు అలలు ఎగురుతుంటే ఒక్కసారి చూసి రాసెయ్యకండి. ఒక నిమిషంపాటు చూసి పైదీ కిందిదీ రెండూ రాసి మధ్యది తీసుకోండి.

ఇక నేల సంగతి. గేజ్ కొలిచేది జెట్టీకీ నీటికీ మధ్య దూరాన్ని. జెట్టీ కుంగినా, దీవి కుంగినా సముద్రం పెరిగినట్టే చూపిస్తుంది. అందుకే దగ్గర్లో గట్టి నేలలో బెంచ్‌మార్కులు, అంటే ఎత్తు కచ్చితంగా తెలిసిన గుర్తులు, పాతి, కాస్త దూరాన కాంక్రీటు స్తంభం మీద ఎప్పుడూ నడిచే జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవర్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాలతో ఎత్తు కొలిచేది) పెడతారు. సుమారు ఏడాదిన్నరకోసారి సర్వే బృందం వెళ్ళి రిసీవర్ నుంచి గేజ్ దాకా ఎత్తుల తేడా మిల్లీమీటర్ల వరకూ కొలుస్తుంది. పోతూ కొలిచింది, వస్తూ కొలిచింది కలవకపోతే ఆ పని మళ్ళీ మొదటినుంచి. ఒకే ఒక్క బెంచ్‌మార్కుని నమ్ముకుంటే మాత్రం కదిలింది గేజా, బెంచ్‌మార్కా చెప్పలేం. కనీసం మూడు ఉండాలి.

సమోవానే చూడండి. 2009 సెప్టెంబరు 29 భూకంపం తర్వాత అక్కడి నేల ఏటా 8 నుంచి 10 మిల్లీమీటర్ల చొప్పున కుంగుతోందని ఉపగ్రహ కొలతలతో తేలింది. సమోవా రాజధాని ఆపియాలోని గేజ్ అంకెని నేరుగా "సముద్రం పెరుగుదల" అని రాసేస్తే నిజానికి రెండింతలకు పైగా వస్తుంది. వనువాటు ఉత్తరాన టోరెస్ దీవుల్లోనూ అంతే. 1997 నుంచి 2009 మధ్య నేల సుమారు 12 సెంటీమీటర్లు దిగింది. అక్కడ ఊరు ఖాళీ చేయించింది సముద్రం ఒక్కటే కాదు. అయితే ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి నీరు ఎందుకు వచ్చిందన్నది కాదు, ఎంత వచ్చిందన్నదే ముఖ్యం. అందుకే రెండు లెక్కలూ వేరువేరుగా రాయండి. వాతావరణ మార్పు గురించి చెప్పేటప్పుడు నేల కదలిక తీసేసిన అంకె, ఊరికి గోడ ఎత్తు చెప్పేటప్పుడు తియ్యని అంకె.

ఇప్పుడు మీ గ్రాఫ్ దగ్గరికి వద్దాం. ఫునాఫుటిలో 1998 మొదట్లో మట్టం 30 సెంటీమీటర్లకు అటూఇటూగా పడిపోయింది. పరికరం లోపం కాదు, ఎల్ నినో. వ్యాపార పవనాలు బలహీనపడి పడమటి పసిఫిక్‌లో పోగుపడ్డ వేడినీరు తూర్పుకి జారిపోతుంది. లా నినాలో తిరగబడి నీరు ఎక్కువవుతుంది. టువాలు దగ్గర గత 30 ఏళ్ళ పెరుగుదల సగటున ఏడాదికి 5 మిల్లీమీటర్లు, మొత్తం 15 సెంటీమీటర్లు. అంటే ఒక్క ఎల్ నినో గుంట ముప్ఫై ఏళ్ళ పెరుగుదలకి రెండింతలు. 1993 నుంచి 1998 దాకా మాత్రమే గీత గీస్తే అది కిందికే వాలుతుంది. మొదటి ఏళ్ళ రికార్డు చూసి టువాలులో సముద్రం పెరగడం లేదని వాదించినవాళ్ళు పడ్డ పొరపాటు ఇదే. చంద్రుడి వాలు చక్రం 18.6 ఏళ్ళు. కనీసం అంత పొడవున్న రికార్డు లేకుండా ట్రెండ్ అంకె చెప్పకండి, చెప్పినా పక్కన ఎల్ నినో సూచీని పెట్టి చూపించండి.

అంతకంటే ముందు ఫైల్లో −9999 అని ఉన్న వరసలు తీసేశారో లేదో చూడండి. అది "రీడింగ్ లేదు" అనే గుర్తు. ఒక్కటి మిగిలినా నెల సగటు మునిగిపోతుంది. అలాగే డేటా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో, క్యాలెండర్ స్థానిక సమయంలో ఉంటాయి. టువాలుకి 12 గంటల తేడా, టోంగాకి 13, కిరిబాటిలో దీవిని బట్టి 12 నుంచి 14. టువాలుకి 12 గంటలు కావడం ప్రమాదకరం. పోట్లు కూడా దాదాపు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తాయి కాబట్టి సమయం తప్పుగా కలిపినా గ్రాఫ్ చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది.

రెండో ప్రశ్న. క్యాలెండర్‌లో ఉన్నది చంద్రుడు, సూర్యుడు తమవైపు లాగడంవల్ల లేచే నీరు మాత్రమే. దానికి పైన మూడు కలుస్తాయి: ఆ నెల సముద్రం మామూలుకంటే ఎంత ఎత్తుగా ఉంది, గాలి పీడనం, అలలు. పీడనం 1 హెక్టోపాస్కల్ తగ్గితే నీరు సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. అలల సంగతే అసలైన గొడవ. ఫునాఫుటి గేజ్ లగూన్ లోపల, అంటే దీవుల వలయం మధ్యనున్న నీటిలో, జెట్టీ మీద ఉంది. బయటి సముద్రం వైపు పగడపు దిబ్బ మీద పెద్ద అలలు విరిగి నీరు గుట్టగా పోగవుతుంటే లోపల గేజ్‌లో పెద్దగా ఏమీ కనబడదు. 2015 మార్చిలో వనువాటుని దెబ్బతీసిన పామ్ తుఫాను అలలు ఎంతో దూరాన ఉన్న టువాలు దీవుల్లోకి కూడా వచ్చిపడ్డాయి. 2008 డిసెంబరులో ఎక్కడో దూరపు తుఫానులో పుట్టి ప్రయాణించి వచ్చిన పొడవాటి అలలు, అంటే ఉబ్బు, మార్షల్ దీవుల నుంచి సాలమన్ దీవుల దాకా ఊళ్ళను ముంచింది, పైన తుఫాను లేకుండానే. కాబట్టి గేజ్ అంకె మామూలుగా ఉందని బయటి తీరం ఊరికి "భయం లేదు" అని ఎప్పుడూ చెప్పకండి. దానికి అలల బోయా, అలల అంచనా విడిగా కావాలి.

ఇంకొక దారి కూడా ఉంది, బయటివాళ్ళకి తోచనిది. ఫునాఫుటిలో జనం ఎక్కువగా ఉండే ఫొంగఫాలే దీవిలో రన్‌వే పక్కన, పెద్ద పోటు రోజున, ఏ గట్టూ దాటకుండా నీరు నేలలోంచే బుడబుడమంటూ పైకి వస్తుంది. పగడపు నేల జల్లెడలాంటిది. పులకా గుంటల్లోకి ఉప్పునీరు చేరేది కూడా ఇలాగే. పులకా మన చేమదుంప జాతిదే, మనిషెత్తు పెరిగే పెద్ద దుంప. వేళ్ళకి ఉప్పు తగిలితే కుళ్ళిపోతుంది. గోడ కట్టినంత మాత్రాన ఈ నీరు ఆగదు.

హెచ్చరిక పట్టీకి ఇలా వెళ్ళండి. జనవరి నుంచి మార్చి దాకా పెద్ద పోట్ల కాలం. అప్పుడు ఊళ్ళో నీరు మొదట కనిపించే చోట, దీపస్తంభానికో తాటి మొద్దుకో కాకుండా కాంక్రీటు గోడకి, నీరు తాకిన ఎత్తు దగ్గర ఇనుప మేకు కొట్టించి తేదీ, సమయం రాయించండి. తర్వాత ఆ మేకుకీ బెంచ్‌మార్కుకీ ఎత్తు తేడా కొలిచి (లెవెలింగ్), మేకు ఎత్తుని గేజ్ సున్నా నుంచి లెక్కకి మార్చండి. అది 3.10 అని తేలిందనుకుందాం. క్యాలెండర్ ఒక రోజుకి 3.05 చెప్తోంది, నీరు రాదనిపిస్తుంది. గత వారంరోజుల గేజ్ రీడింగులు క్యాలెండర్ కంటే సగటున 12 సెంటీమీటర్లు ఎక్కువ ఉన్నాయి. కలిపితే 3.17, నీరు వస్తుంది. ఆ 12లో ఆ వారపు పీడనం ప్రభావం అప్పటికే ఉంటుంది కాబట్టి పీడనం మళ్ళీ కలపకండి. ఆ వారం కంటే ఇంకా పడిపోతుందని వాతావరణ శాఖ చెప్తే, ఆ అదనపు తేడా మాత్రమే కలపండి.

పట్టీలో మీటర్లు రాయకండి. "ఈ తేదీ, సాయంత్రం 5 నుంచి 7, మేకు దాటి బెత్తెడు" అని రాస్తే కౌపులే పెద్దలు, అంటే దీవి మండలి, వెంటనే పనిలో పెడతారు. పులకా గుంటల చుట్టూ కట్ట సరిచూసుకోవడానికి, పడవలు పైకి లాగడానికి రెండు రోజుల ముందు చాలు. కాగితం మీద అచ్చువేసి మండలి గోడకి అంటించండి, ఇంటర్నెట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రగర్భ కేబుల్ తెగి టోంగా వారాలపాటు ప్రపంచంతో సరైన సంబంధం లేకుండా ఉంది. గేజ్‌లు ఉపగ్రహం ద్వారా పంపే నిమిషం నిమిషం రీడింగులు హవాయిలోని సునామీ కేంద్రానికి ఎందుకంత అవసరమో అప్పుడు తెలిసింది. సునామీ అల పోటులా గంటల తరబడి లేవదు, పదీ ఇరవై నిమిషాల్లో లేచి దిగుతుంది. 6 నిమిషాలకో రీడింగు దానికి చాలదు. మీ ప్రాజెక్టులో పోటుకి ఆరు నిమిషాల డేటా, సునామీకి ఒక నిమిషం డేటా, ఈ రెండూ కలపకుండా వాడండి.

మేకు కొట్టిన గోడ ఫొటో, దాని లెవెలింగ్ పుస్తకం పేజీ, ఏ బెంచ్‌మార్కు నుంచి మొదలుపెట్టారో ఆ పేరు, ఈ మూడూ ఒకే కవరులో పెట్టి మండలి దగ్గర ఒక ప్రతి, వాతావరణ శాఖ దగ్గర ఒక ప్రతి ఉంచండి. గోడ పడిపోతే ఆ కవరు చూసే కొత్త మేకు కొట్టాలి.