చెప్పి చేర్పించాలా, చెప్పకుండానా?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ళ రెండు నెలలు. ఆరు వారాల ముందే పుట్టాడు. ఇరవై నెలలకి నడక వచ్చింది, ఇప్పటికీ తూలుతూనే నడుస్తాడు. మాటలు నాలుగైదుకి మించి లేవు. నమలడం కూడా నెమ్మదే. ఎదుగుదల ఆలస్యంగా ఉందని డాక్టర్ చెప్పారు, వారానికి రెండు గంటలు థెరపీ చేయిస్తున్నాం. రెండు నెలల్లో నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. ఒక డే కేర్ వాళ్ళు ఇలాంటి పిల్లల్ని తీసుకోం అన్నారు. ఇంకోచోట చేర్చుకుని పది రోజులకి "మా వల్ల కావట్లేదండీ" అని పంపించేశారు. విషయం చెప్పకుండా చేర్పించెయ్, అలవాటయ్యాక వాళ్ళే సర్దుకుంటారు అంటోంది నా ఫ్రెండ్. వాళ్ళ నాన్నకీ మూడేళ్ళదాకా మాటలు రాలేదు, ఇంట్లోనే ఉంచు అంటారు అత్తయ్య. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ మాట తేల్చేద్దాం. చెప్పకుండా చేర్పించొద్దు. దాస్తే దాగే విషయం కాదిది, ఎలాగూ వారంలో వాళ్ళకి తెలిసిపోతుంది, కానీ తెలిసేది తప్పుగా తెలుస్తుంది. పిలిస్తే రాకపోతే మొండివాడనుకుంటారు, మాట చెప్పలేక కొరికితే అల్లరివాడనుకుంటారు. అన్నిటికంటే భయం తిండి దగ్గర. నెమ్మదిగా నమిలే పిల్లాడని తెలియక మిగతావాళ్ళతో సమానంగా గబగబా పెట్టేస్తే గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. కాదనేవాళ్ళు మొదటిరోజే కాదంటే మీకు పోయేది ఒక పూట. ఆ పది రోజుల తర్వాత పంపించేసినప్పుడు ఎంత బాధపడ్డారో మీకు తెలుసు కదా.

అయితే చెప్పే పద్ధతి వేరు. వెళ్ళగానే "మా వాడికి డెవలప్‌మెంటల్ డిలే" అంటే అవతలివాళ్ళకి అర్థమయ్యేది భయం ఒక్కటే. వాడు ఏం చేస్తాడో, ఎక్కడ సాయం కావాలో చెప్పండి. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవాలి, దాహమేస్తే గ్లాసు చూపిస్తాడు, ఫలానా పాట పాడితే ఏడుపు ఆపేస్తాడు, చిన్నచిన్న ముక్కలుగా చేసి పెట్టాలి. ఇదంతా ఒక కాగితం మీద, ఒకటే కాగితం సుమా, ఫైలంతా పట్టుకెళ్ళకండి. అది చదివాక ఎదుటి మనిషి ఏం అడుగుతుందో గమనించండి. "నిద్రొస్తే ఏం చేస్తాడు? మీ థెరపిస్టుతో ఒకసారి మాట్లాడొచ్చా?" అని అడిగితే ఆ చోటు గురించి ఆలోచించొచ్చు. ఏమీ వినకుండానే "టెన్షన్ పడకండి, మేం అన్నీ చూసుకుంటాం" అన్నవాళ్ళ మీద నాకైతే నమ్మకం కుదరదు. మూడు నెలల్లో మాటలు తెప్పిస్తాం అని ఎవరైనా అంటే అక్కడ్నించి లేచి వచ్చెయ్యండి.

గోడల మీద బొమ్మలు, కెమెరాలు, ఏసీ గదులు చూసి మోసపోవద్దు. ఎంతమంది పిల్లలకి ఒక మనిషి, ఆ మనిషి ఎన్నాళ్ళుగా ఉంది, ఈ రెండూ అడగండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం) లాంటి సంస్థలు మూడేళ్ళలోపు నడిచే వయసు పిల్లలకి నలుగురికి ఒకరు ఉండాలంటాయి. మామూలు పిల్లల లెక్కే అది. ఎనిమిది మందిని ఒక్క ఆయా చూసేచోట మీ వాడికి మిగిలేది ఏముంటుంది? ఇంకోటి, చూడ్డానికి వెళ్ళేది పొద్దున్న తొమ్మిదికి కాదు, అప్పుడు అందరూ నవ్వుతూనే ఉంటారు. మధ్యాహ్నం తిండి వేళకి ముందు, పిల్లలు చిరాగ్గా ఉన్నప్పుడు వెళ్ళి గంటసేపు కూర్చోండి, ఆ గదిలో అందరికంటే వెనకబడ్డ పిల్లాడు ఎక్కడున్నాడో వెతకండి. ఎవరి పక్కనైనా ఉన్నాడా, మూల కుర్చీలో బెల్టు పెట్టి కూర్చోబెట్టేశారా? దీన్నిబట్టే చాలా తెలిసిపోతుంది.

చాలాచోట్ల "ఏడాది పిల్లల గదిలో వేస్తాం" అంటారు. తేలిక కదా వాళ్ళకి. పాకే పిల్లల మధ్య వాడు చూసి నేర్చుకునేది తక్కువ. అలాగని పరుగులు తీసే మూడేళ్ళవాళ్ళలో పడేస్తే, తూలుతూ నడిచేవాడిని రోజుకి పదిసార్లు తోసేస్తారు. తనకంటే నాలుగైదు నెలలు చిన్నవాళ్ళు, నడుస్తూ ఒకటీ రెండూ మాటలనేవాళ్ళు ఉన్న గది దొరికితే మేలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రెండేళ్ళదాకా ఆ వారాలు తీసేసి వయసు లెక్కేస్తారు డాక్టర్లు. డే కేర్ వాళ్ళకి ఆ సంగతి మీరే చెప్పాలి.

అన్నట్టు, మీ అత్తయ్యగారికీ ఇదే లెక్క చెప్పొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దాదాపు పిల్లలందరూ 18 నెలల లోపే సొంతంగా నడిచేస్తారు. ఆరు వారాలు తీసేసినా మీ వాడు ఆ గడువు దాటాకే నడిచాడు. వాళ్ళ నాన్న సంగతి నిజమే కావచ్చు, కానీ అందుకని థెరపీ ఆపి ఎదురుచూడకూడదు. వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే అన్నిటికంటే ముందు అది చేయించండి.

ఇక అసలు విషయం. థెరపీ వారానికి రెండు గంటలు. డే కేర్ రోజుకి ఏడు గంటల చొప్పున ఐదు రోజులంటే 35 గంటలు. అంటే వాడితో ఎక్కువసేపు గడిపేది ఆ ఆయానే. ఆవిడకి పెద్ద చదువేం అక్కర్లేదు, మూడు నాలుగు అలవాట్లు చాలు. ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగడం, రెండు వస్తువులు చూపించి ఏది కావాలో ఎంచుకోనివ్వడం, వాడు "బంతి" అంటే తాను "పెద్ద బంతి" అనడం, ఆట మార్చేముందు చెప్పడం. చేతి సైగలు నేర్పితే మాటలు రావనేది అపోహే, భయపడక్కర్లేదు. మీ థెరపిస్టుని ఒక్క గంట అక్కడికి తీసుకెళ్ళి ఇవి చేసి చూపించమని అడగండి. ఒప్పుకోని డే కేర్ అయితే వెతుకులాట ఆపకండి.

రెండు నెలల గడువుంది కాబట్టి ఉద్యోగంలో చేరే రోజునే మొదలుపెట్టకండి. మొదట గంట, తర్వాత ఒక పూట, అలా మూడు నాలుగు వారాలు. వదిలి వెళ్ళేటప్పుడు ఏడవడం ఆ వయసులో మామూలే. ఏడుపు కాదు చూడాల్సింది. మీ వాడు ఏం జరిగిందో చెప్పలేడు కాబట్టి ఒళ్ళు చూడండి. మోకాళ్ళ మీద, నుదుటి మీద దెబ్బలు నడిచే పిల్లలకి తగులుతూనే ఉంటాయి. చెవులు, మెడ, పొట్ట, వీపు మీద కమిలిన గుర్తులుంటే ఊరుకోవద్దు, ఆ రోజే డాక్టరుకి చూపించండి. పొద్దున్న కట్టిన డైపరే సాయంత్రం ఉందా, ఆకలితో వస్తున్నాడా, ఒక మనిషిని చూస్తే ముడుచుకుపోతున్నాడా? వీటి గురించి మొహమాటపడకుండా అడగండి. చెప్పకుండా ఎప్పుడైనా లోపలికి రానిస్తారా అన్నది మాత్రం చేర్పించకముందే తేల్చుకోవాలి.

ప్రశ్న: మా పాపకి రెండేళ్ళు, మాటలు ఆలస్యం. పగలు మా అమ్మే చూసుకుంటుంది, కానీ అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చేస్తుంది. ఏమైనా అంటే నొచ్చుకుంటుంది. డే కేరే నయమా?

జవాబు: ఫోన్ కోసమని అమ్మని మార్చక్కర్లేదు! రెండేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించొద్దని, ఇంకా తక్కువైతే ఇంకా మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ మాట మీరు చెబితే తప్పుపట్టినట్టుంటుంది, థెరపిస్టు చేత చెప్పించండి. ఈసారి పాపతో పాటు అమ్మనే పంపించి మీరు ఆఫీసుకి వెళ్ళండి. అక్కడ నేర్పింది ఇంటికొచ్చి ఆవిడే మీకు నేర్పుతుంది.