పాతదే ఆధునికం ఎలా అవుతుంది?

సందేహం: డెన్మార్క్‌లో 1960ల్లో చేసిన టేకు మ్యాగజైన్ ర్యాక్ అమ్ముదామని, తెలుగువాళ్ల కోసం ‘పురాతన మధ్య శతాబ్దపు ఆధునిక గట్టికలప పత్రికల అర’ అని రాశాను. పురాతనమైతే ఆధునికం ఎలా అవుతుందని ఒకాయన ఎగతాళి చేశారు. ఎలా రాయాలి?

సమాధానం: ఆయన పట్టుకున్నది సరైన చోటే గానీ, తప్పు ‘ఆధునిక’లో కాదు, ‘పురాతన’లో ఉంది. ఆ మాట గుళ్లకూ శాసనాలకూ సరిపోతుంది, అరవై ఏళ్ల సామానుకి ‘పాతకాలపు’ చాలు. ‘ఆధునిక’ ఇక్కడ కాలం కాదు, నగిషీల జోలికి పోకుండా సన్నకాళ్లతో తేలిగ్గా కనిపించే, ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలపు ‘మిడ్ సెంచరీ మోడర్న్’ అనే శైలి పేరులో భాగం. ఆ పేరు బాగా వాడుకలోకి వచ్చింది 1984లో అమెరికన్ రచయిత్రి కారా గ్రీన్‌బర్గ్ పుస్తకంతో. దాన్ని ముక్కలు చేసి తెలుగు చేస్తే ఏ శతాబ్దం మధ్యలో అని అడుగుతారు. ‘మిడ్ సెంచరీ మోడర్న్’ అనే ఉంచేయండి.

అసలు చిక్కు ‘హార్డ్‌వుడ్’ని ‘గట్టికలప’ అనడంతో. హార్డ్‌వుడ్ అన్నది చెట్టు జాతిని బట్టి పెట్టిన పేరు: పూలు పూసే, వెడల్పాటి ఆకులుండే చెట్ల కర్ర. బొమ్మ విమానాలకు వాడే బాల్సా గోటితో నొక్కితే సొట్టపడుతుంది, అయినా అదీ హార్డ్‌వుడ్డే! కొనేవాళ్లకు కావలసింది మన వడ్రంగులు ‘చేవ’ అనే గుణం, అంటే మాను నడిమధ్యన ముదిరి రంగు తేలిన భాగం. హార్డ్‌వుడ్‌కి అది అనువాదం కాదు, కానీ మీ ర్యాక్ నిజంగా అలాంటిదైతే ‘చేవదేరిన టేకు’ అనండి, ఒక్క మాటతో నమ్మకం కుదురుతుంది. ‘కలప’ కూడా వద్దు, అది కోసి అమ్మే సరుకు. ఇళ్లలో ‘టేకు మంచం’ అంటాం గానీ ‘టేకు కలప మంచం’ అనం కదా.

టేకు ఇంగ్లీషు మాటేమో, తేకు అని రాయాలేమో అని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. రెండూ మనవే. మలయాళం ‘తేక్కు’ పోర్చుగీసువాళ్ల ద్వారా ఇంగ్లీషులోకి వెళ్లింది, అక్కడి నుంచి మనకు రాలేదు.

‘అర’ అంటే బీరువా అర గుర్తొస్తుంది కాబట్టి ‘స్టాండు’ మేలు. ‘పాతకాలపు డేనిష్ టేకు మ్యాగజైన్ స్టాండు, 1960ల నాటిది, మిడ్ సెంచరీ మోడర్న్ శైలి’ అని రాయండి. రోజ్‌వుడ్ సామాను ఏదైనా ఉంటే మాత్రం దాన్ని ఎర్రచందనం అనకండి. మన ఇరుగుడు రోజ్‌వుడ్డే, ఎర్రచందనం వేరే చెట్టు, పైగా ఆ మాట చూస్తే కొనేవాళ్లకంటే ముందు పోలీసులు ఫోన్ చేస్తారు.