టెక్ సందేహాలు: లైనక్స్ ఫోన్‌లో స్క్రిప్టుకు రూట్ అనుమతి

(ఇక్కడి కమాండ్లు, ఫైళ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. ఫోన్‌లో కొట్టేటప్పుడు, పెద్దక్షరం అని చెప్పినచోట తప్ప, ఆంగ్ల చిన్నక్షరాలే వాడండి.)

ప్రశ్న: పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోన్‌లో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ (ఫోన్ల కోసం చేసిన లైనక్స్) వేసుకున్నాను. వెనక ఉన్న ఫ్లాష్ లైటు వెలిగించడానికి చిన్న షెల్ స్క్రిప్టు రాసి, లోపల ఎకో కమాండ్ ముందు డూయాజ్ (కమాండ్‌ను రూట్, అంటే సర్వాధికారి యూజర్ పేరిట నడిపేది) పెట్టాను. సీహెచ్‌మోడ్ +ఎక్స్ చేసి నడిపే అనుమతి కూడా ఇచ్చాను. పాస్‌వర్డ్ అడగకుండానే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. ఎందుకు?

జవాబు: పాస్‌వర్డ్ అడగలేదంటే డూయాజ్ అసలు మొదలే కాలేదు. మీరు రాసింది ‘డూయాజ్ ఎకో 1 > /సిస్/క్లాస్/ఎల్‌ఈడీస్/వైట్:ఫ్లాష్/బ్రైట్‌నెస్’ అయి ఉండాలి. ఇందులో ‘>’ గుర్తు పని (ఫలితాన్ని ఫైల్లోకి పంపడం) డూయాజ్‌ది కాదు, కమాండ్లు చదివి నడిపే మీ మామూలు షెల్‌ది. కమాండ్‌ను నడపడానికి ముందే షెల్ ఆ ఫైలును రాయడానికి తెరవబోతుంది. ఆ ఫైలు రూట్‌ది కాబట్టి అక్కడే ఆగిపోతుంది. డూయాజ్ లాంటిదే అయిన సుడో వాడినా ఇంతే.

‘ఎకో 1 | డూయాజ్ టీ’ అని రాసి, పక్కన అదే ఫైలు దారి ఇవ్వండి. అప్పుడు ఫైలును తెరిచేది టీ (వచ్చినదాన్ని ఫైల్లో రాసే కమాండ్), అది రూట్‌గా నడుస్తుంది. దీనికన్నా శుభ్రమైన పద్ధతి, స్క్రిప్టు లోపలి డూయాజ్‌లన్నీ తీసేసి మొత్తం స్క్రిప్టునే డూయాజ్‌తో నడపడం. అప్పుడు ‘>’ కూడా రూట్ షెల్‌దే అవుతుంది. కాకపోతే రూట్‌గా నడిచేటప్పుడు ‘~’ అంటే మీ హోమ్ కాదు, /రూట్. కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్ కూడా మారిపోతుంది. హోమ్‌లో బిన్ అనే ఫోల్డర్ పెట్టుకుని అందులోని కమాండ్లను పేరుతో పిలిచేవాళ్లకు ‘నాట్ ఫౌండ్’ వచ్చేది ఇందుకే. స్క్రిప్టులో ప్రతి ఫైలుకూ పూర్తి దారి రాయండి.

ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘నాట్ ఫౌండ్’ అంటుంటే మొదటి లైను చూడండి. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌కు ఆధారం ఆల్పైన్ లైనక్స్. అందులో మామూలు షెల్ బిజీబాక్స్ (చిన్న కమాండ్ల కట్ట) లోని యాష్, బ్యాష్ కాదు. స్క్రిప్టు మొదట ‘#!/బిన్/బ్యాష్’ ఉండి ఫోన్‌లో బ్యాష్ లేకపోతే, దొరకనిది మీ స్క్రిప్టు కాదు, దాన్ని చదవాల్సిన షెల్. ‘#!/బిన్/ఎస్‌హెచ్’ అని మార్చండి. బ్యాష్‌కే చెల్లే అర్రేల వంటివి వాడి ఉంటే ‘డూయాజ్ ఏపీకే యాడ్ బ్యాష్’ కొట్టి బ్యాష్‌ను ఇన్‌స్టాల్ చేయండి. స్క్రిప్టు విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చుకున్నదైతే లైను చివర కనిపించని క్యారేజ్ రిటర్న్ (విండోస్ లైను చివర పెట్టే అదనపు గుర్తు) ఉండి, దానివల్ల కూడా ‘నాట్ ఫౌండ్’ వస్తుంది. బిజీబాక్స్‌లోనే ఉన్న డాస్‌టుయూనిక్స్‌తో దాన్ని తీసేయొచ్చు.

‘సీహెచ్‌మోడ్ యూ+ఎస్’ పెడితే స్క్రిప్టు దానంతటదే రూట్‌గా నడుస్తుందని ఇప్పటికీ కొందరు సలహా ఇస్తుంటారు. ‘యూ+ఎస్’తో పడే సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఫైలు యజమాని అధికారంతో నడిపించే గుర్తు) స్క్రిప్టుల మీద ఉంటే లైనక్స్ కెర్నెల్ (ఓఎస్ మూలభాగం) పట్టించుకోదు. కెర్నెల్ మొదటి లైను చదవడానికీ, షెల్ అదే ఫైలును మళ్లీ తెరవడానికీ మధ్య ఎవరైనా ఫైలు మార్చేయగలరన్నది దీని వెనకున్న భయం. సబబైన భయమే.

ప్రశ్న: అదే స్క్రిప్టును ఐకాన్ నొక్కి నడపాలి, పాస్‌వర్డ్ అడగకూడదు. డూయాజ్‌లో రూల్ రాశాను, ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటోంది.

జవాబు: ముందు స్క్రిప్టు ఎక్కడుందో చూడండి. హోమ్‌లో ఉంటే అక్కడి నుంచి తీసేయండి. పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా నడిచే ఫైలును మీ యూజర్ మార్చగలిగితే, మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా అందులో ఒక లైను చేర్చి ఫోన్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలదు. ఫైలును రూట్ పేరిట మార్చి హోమ్‌లోనే ఉంచినా లాభం లేదు. ఫోల్డర్ మీదే కాబట్టి పాత ఫైలు పేరు మార్చి, అదే పేరుతో కొత్తది పెట్టేయొచ్చు. /యూఎస్‌ఆర్/లోకల్/బిన్/టార్చ్ అని కాపీ చేసి, సీహెచ్‌ఓన్‌తో యజమానిగా రూట్:రూట్, సీహెచ్‌మోడ్‌తో 755 (మార్చేది యజమాని మాత్రమే, మిగతావారు చదివి నడపగలరు) ఇవ్వండి. స్క్రిప్టు పేరు పక్కన 0, 1 తప్ప మరే ఆర్గ్యుమెంటు (విలువ) ఇచ్చినా ఒప్పుకోకుండా, దాన్ని సరిచూసే కేస్ బ్లాకు కూడా లోపల పెట్టండి.

తర్వాత /ఈటీసీ/డూయాజ్.డి ఫోల్డర్‌లో టార్చ్.కాన్ఫ్ అనే ఫైలు తెరిచి ఒకే లైను రాయండి: ‘పర్మిట్ నోపాస్ యూజర్ యాజ్ రూట్ సీఎండీ /యూఎస్‌ఆర్/లోకల్/బిన్/టార్చ్’. మూడో మాట ‘యూజర్’ ఉన్నచోట మీ లాగిన్ పేరు రాయాలి. జనం తడబడేవి ఇక్కడ నాలుగున్నాయి. ఫైలు పేరు చివర .కాన్ఫ్ లేకపోతే దాన్ని చదవదు. చివరి లైను తర్వాత ఎంటర్ కొట్టకపోతే సింటాక్స్ ఎర్రర్ అంటుంది. సరిపోలిన రూల్స్‌లో చివరిదే చెల్లుతుంది కాబట్టి, తర్వాత చదివే ఫైల్లో వీల్ గ్రూపు (అడ్మిన్ హక్కులున్న యూజర్ల గుంపు) రూల్ ఉంటే మీది చెల్లక మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీకొచ్చిన ఎర్రర్‌కు ఎక్కువగా కారణమయ్యేది నాలుగోది: రూల్‌లో పూర్తి దారి రాస్తే, పిలిచేటప్పుడూ పూర్తి దారే కొట్టాలి. వట్టి ‘డూయాజ్ టార్చ్’ అంటే అక్షరాలు సరిపోలక కాదంటుంది. ఐకాన్ తాలూకు డెస్క్‌టాప్ ఫైల్లో ఎగ్జెక్ (మొదటి అక్షరం పెద్దది; నడపాల్సిన కమాండ్ ఇక్కడ ఉంటుంది) లైనులోనూ పూర్తి దారే ఉండాలి. ‘డూయాజ్ -పెద్ద సీ’ తర్వాత కాన్ఫ్ ఫైలు, స్క్రిప్టు దారి ఇస్తే నడపకుండానే పర్మిటో, డినైయో చెబుతుంది.

డెబియన్ లైనక్స్ మీద కట్టిన మోబియన్ అనే ఫోన్ ఓఎస్‌లో సుడో ఉంటుంది, అక్కడ పద్ధతి తిరగబడుతుంది. /ఈటీసీ/సుడోయర్స్.డి లోని ఫైలు పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని మాటమాత్రం చెప్పకుండా వదిలేస్తుంది. టార్చ్.కాన్ఫ్ అని పెట్టి గంటలు పోగొట్టుకునేవాళ్లున్నారు. వట్టి టార్చ్ అని పెట్టండి. మామూలు ఎడిటర్‌తో కాక ‘వీసుడో -ఎఫ్’ తో తెరవండి, తప్పు రాస్తే సేవ్ చేసేముందే చెబుతుంది. ఫైలు అనుమతి 0440 (చదవడానికి మాత్రమే).

ఈ మార్పులు తెరమీది కీబోర్డుతో చేయకండి. కంప్యూటర్‌కు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ 172.16.42.1 చిరునామాలో దొరుకుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (మరో కంప్యూటర్ నుంచి లాగిన్ కానిచ్చే) సర్వీసు నడుస్తుంటే అక్కడి నుంచి లాగిన్ కావచ్చు. రెండు విండోలు తెరిచి ఒకదాంట్లో రూట్ షెల్ అలాగే ఉంచుకోండి. రూల్ చెడిపోయినా ఆ విండోలోంచి సరిచేసుకోవచ్చు. అదీ పోతే, పైన్‌ఫోన్ ముందు మైక్రోఎస్‌డీ కార్డు నుంచే బూట్ అవుతుంది కాబట్టి, కార్డులో మరో లైనక్స్ వేసి ఫోన్ లోపలి స్టోరేజీ అయిన ఈఎంఎంసీని మౌంట్ చేసి (జోడించి) ఫైలు దిద్దుకోవచ్చు.

నిజానికి ఒక్క లైటు కోసం ఇంత అధికారం అక్కర్లేదు. పరికరాలను చూసుకునే యూడెవ్ సర్వీసు రూల్‌తో ఆ బ్రైట్‌నెస్ ఫైలును ‘వీడియో’ అనే గ్రూపుకు మార్చి, గ్రూపుకు రాసే హక్కు ఇచ్చి, మీ యూజర్‌ను ఆ గ్రూపులో చేరిస్తే డూయాజ్ ఊసే ఉండదు. గ్రూపు మార్పు మళ్లీ లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది. ఉత్త సీహెచ్‌మోడ్‌తో సరిపెడితే రీబూట్‌తో పోతుంది, ఎందుకంటే /సిస్ డిస్కు మీద ఉండేది కాదు, కెర్నెల్ ప్రతిసారీ కొత్తగా కట్టేది.

ప్రశ్న: మెమరీ కార్డులోని స్క్రిప్టుకు ఎన్నిసార్లు సీహెచ్‌మోడ్ +ఎక్స్ చేసినా నిలవడం లేదు.

జవాబు: కార్డు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది. వాటిలో యూనిక్స్ అనుమతులు దాచుకునే చోటే లేదు. స్క్రిప్టును ఫోన్ లోపలికి కాపీ చేయండి, లేదా ‘ఎస్‌హెచ్ ఫైలుపేరు’ అని నడపండి. ఈ రెండో పద్ధతిలో చదివే అనుమతి ఒక్కటే చాలు. కార్డు ఎక్స్‌ట్4 (యూనిక్స్ అనుమతులు దాచే ఫార్మాట్) అయి, అనుమతి నిలిచినా స్క్రిప్టు నడవకపోతే మౌంట్ కమాండ్ కొట్టి, కార్డు తాలూకు లైనులో నోఎగ్జెక్ (ఇక్కడి ఫైళ్లను నడపొద్దనే గుర్తు) ఉందేమో చూడండి. గొడవ ఎక్కడుందో తెలియకపోతే నడిపిన వెంటనే ‘ఎకో $?’ కొట్టండి. యాష్‌లో 126 వస్తే ఫైలు దొరికింది గానీ నడపడానికి అనుమతి లేదు, 127 వస్తే ఫైలు గానీ, దాన్ని చదవాల్సిన షెల్ గానీ దొరకలేదు.

ప్రశ్న: పైన్‌ఫోన్ లేదు. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ (లైనక్స్ కమాండ్లు నడిపే యాప్) వాడుతున్నాను, ఎస్‌డీకార్డ్ ఫోల్డర్‌లోని స్క్రిప్టుకు ‘పర్మిషన్ డినైడ్’. ఫోన్ రూట్ చేయాలా?

జవాబు: వద్దు. ఆ ఫోల్డర్‌లో ఏదీ నేరుగా నడవదు. స్క్రిప్టును టెర్మక్స్ హోమ్‌లోకి తెచ్చుకుని అనుమతి ఇస్తే చాలు. రూట్ చేయాలంటే బూట్‌లోడర్ (ఫోన్‌ను మొదట లేపే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయాలి, దాంతో ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోతుంది. ఆ తర్వాత చాలా బ్యాంకు, యూపీఐ యాప్‌లు తెరుచుకోకపోవచ్చు.