పెరిగింది ఎన్ని డిగ్రీలు? ఎన్ని డిగ్రీలకు?

సందేహం: “భూమి సగటు ఉష్ణోగ్రత 1.5 డిగ్రీలు పెరిగింది” అని ఒకచోట, “1.5 డిగ్రీలకు పెరిగింది” అని మరొకచోట చదివాను. రెండూ ఒప్పేనా? “సముద్రమట్టం రెట్టింపయింది” అనే వాక్యం కూడా కనిపించింది. అది సరైనదేనా?

సమాధానం: వ్యాకరణం దృష్ట్యా మొదటి రెండు వాక్యాలలోనూ దోషం లేదు. అయితే అవి ఒకే విషయాన్ని చెప్పడం లేదు. పెరగడం, తగ్గడం వంటి క్రియల ముందు కొలతను తెలిపే మాట ప్రత్యయం లేకుండా వస్తే మార్పు ఎంతో తెలుస్తుంది. దానికి ‘కు’ చేరితే ఆ మార్పు ఎక్కడికి చేరిందో తెలుస్తుంది. “నీళ్లు మోకాలికి వచ్చాయి” అన్నప్పుడు నీరు చేరిన చోటు తెలుస్తుందే తప్ప, అంతకుముందు ఎంత ఉండేదో, ఎంత పెరిగిందో తెలియదు. భూమి ఉపరితల సగటు ఉష్ణోగ్రత ఇప్పుడు దాదాపు 15 డిగ్రీల సెల్సియస్. అది “1.5 డిగ్రీలకు పెరిగింది” అని రాస్తే, భూగోళమంతా నీరు గడ్డకట్టే స్థితికి కాస్త ఎగువన ఉందని చెప్పినట్లవుతుంది.

“1.5 డిగ్రీలు పెరిగింది” అన్న వాక్యానికి కూడా ఎప్పటితో పోల్చి అన్నది జోడిస్తేనే నిండుదనం వస్తుంది. శాస్త్రవేత్తలు సాధారణంగా 1850–1900 నాటి సగటును ప్రాతిపదికగా తీసుకుంటారు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024 సంవత్సరపు సగటు ఆ ప్రాతిపదిక కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఇది ఒక్క ఏడాది సంగతి. భూతాపాన్ని అదుపు చేసేందుకు దేశాలు 2015లో కుదుర్చుకున్న పారిస్ ఒప్పందంలోని 1.5 డిగ్రీల పరిమితిని దీర్ఘకాలిక సగటుతో చూస్తారు. కనుక “2024లో 1.5 డిగ్రీలు దాటింది” అనవచ్చు గాని, ‘2024లో’ అన్న మాటను వదిలేసి “పారిస్ పరిమితి దాటిపోయింది” అనకూడదు. ‘1.5 డిగ్రీలు పెరిగింది’ అనడానికి బదులు ‘1.5 డిగ్రీల మేర పెరిగింది’ అన్నా సరిపోతుంది. ‘డిగ్రీల వరకు’ అన్న ప్రయోగాన్ని మాత్రం నేను సమర్థించను. అది పెరిగిన మొత్తాన్నీ, చేరిన స్థాయినీ, గరిష్ఠ పరిమితినీ కూడా సూచించగలదు.

‘కు’ తప్పనిసరి అయ్యే చోట్లూ ఉన్నాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందున్న సుమారు 280 పీపీఎం (పది లక్షల భాగాలలో ఇన్ని భాగాలు అని తెలిపే కొలత) నుంచి 420 పీపీఎంకు పైగా పెరిగింది. ఇక్కడ ‘కు’ తీసేసి “420 పీపీఎం పెరిగింది” అంటే అసలు పెరుగుదలను మూడింతలు చేసినట్లే. సముద్ర జలాల విషయంలో క్రియ కూడా తారుమారయ్యే ప్రమాదం ఉంది: అదే కాలంలో ఉపరితల జలాల పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలమానం) సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. పీహెచ్ తగ్గితే ఆమ్లత్వం పెరుగుతుంది. సంఖ్యలో తేడా 0.1 మాత్రమే అయినా, ఆమ్లత్వానికి కారణమైన హైడ్రోజన్ అయాన్ల గాఢత నాలుగో వంతుకు పైగా పెరిగింది.

ఇక సముద్రమట్టం. 1901 నుంచి 2018 వరకు అది ప్రపంచ సగటున దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. రెట్టింపయింది మట్టం కాదు, అది పెరిగే వేగం. ఉపగ్రహ కొలతల ప్రకారం ఆ వేగం 1993లో ఏడాదికి సుమారు 2.1 మిల్లీమీటర్లు ఉండగా, 2023 నాటికి సుమారు 4.5 మిల్లీమీటర్లకు చేరింది. అందువల్ల ఆ వాక్యాన్ని “సముద్రమట్టం పెరిగే వేగం ముప్పై ఏళ్లలో రెట్టింపుకు మించింది” అని సవరించుకోవాలి.