ఒడిశాలోని బరంపురంలో కాపురం పెట్టొచ్చా? జనం, వసతి, భద్రత ఎలా ఉంటాయి?

నిశ్చింతగా పెట్టొచ్చు. 2011 లెక్కల్లో నగర జనాభా సుమారు 3.56 లక్షలు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న ఊరు కాబట్టి కూరల బండి దగ్గర మీరు తెలుగులో బేరమాడితే అవతలివాడు ఒడియా యాస కలిపి తెలుగులోనే ధర తగ్గిస్తాడు, అదో సరదా. పెద్దాసుపత్రి ఎం.కె.సి.జి. ఊళ్లోనే ఉంది. ఎండాకాలం నీళ్లకి మాత్రం కాస్త ఇబ్బందే, అద్దె మాట్లాడేముందు కుళాయి తిప్పి చూడండి.

దొంగల భయం కంటే తుపాను టెన్షనే ఎక్కువ. గోపాల్‌పూర్ తీరం పదిహేను కిలోమీటర్లే కదా, 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను అక్కడే తీరం దాటింది, ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం బాగా తగ్గింది. అందుకే రేకుల ఇల్లు వద్దు, స్లాబు ఇల్లే చూసుకోండి. అక్టోబరు వచ్చిందంటే టార్చి, మంచినీళ్ల డబ్బా సిద్ధంగా పెట్టుకోండి.